గోడ అవతలి లోకం

పిల్లలూ! టీవీ మీద గాని, సెల్‌ఫోను మీద గాని ఆటలు ఆడనివాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? మా చండ్రుగొండలో అయితే లేరు. ఎండాకాలం తునికాకు కోతకు పెద్దవాళ్ల వెంట అడవికి పోయిన పిల్లలు కూడా ఏ ఇప్పచెట్టు కిందనో చేరి, ఒకే ఫోనులోకి నలుగురు తొంగి చూస్తూ ఉంటారు. ఆడవద్దని నేను చెప్పబోవటం లేదు. అటువంటి ఒక ఆటలోని తమాషా చెప్పబోతున్నాను. దానికి ముందు నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

సుమారు ముప్ఫై ఏళ్ల కిందట నేను లెక్కలు చెప్పే రోజుల్లో నా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. వాడి మేనమామ కొత్తగూడెంలో ఉండేవాడు. ఆయన వేసవి సెలవుల్లో వాడికి ఒక టీవీ గేము కొనిపెట్టాడు. ఆ పెట్టెలో ఒక కేసెట్టు దూరిస్తే టీవీ మీద మీసాల మారియో గెంతుతూ వచ్చేవాడు. సెలవులు అయిపోయి బడి తెరిచారు. కుర్రవాడు తరగతిలో అందరికీ ఇలా చెప్పాడు: "మారియో ఆటలో ఎనిమిది లోకాలే ఉన్నాయంటారు. ఇంకొకటి ఉన్నది. గోడలోంచి దూరిపోతే వస్తుంది. అక్కడ అన్నీ నీళ్లే. ఎంత ఈదినా అయిపోదు. దాని నంబరు మైనస్ ఒకటి!"

తరగతి గొల్లుమన్నది. సరిగ్గా ఆ రోజే నేను బోర్డు మీద ఋణసంఖ్యలు మొదలుపెట్టాను. వాడు నా పాఠాన్ని ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "అబద్ధమైనా అతికినట్టుండాలిరా, కూర్చో!" అన్నాను. అంతటితో పోలేదు. పిల్లలు వాడికి "మైనస్" అని పేరు పెట్టారు. ఆ పేరు పదో తరగతి దాకా వాడిని వదలలేదు.

మొన్న దసరాకు అతను హైదరాబాదు నుంచి ఊరికి వచ్చి, కూతురిని వెంటబెట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. పాప ఆరో తరగతి. చేతిలో స్విచ్ అనే చిన్న ఆట యంత్రం ఉన్నది. రాగానే నా దగ్గర ఫిర్యాదు పెట్టింది.

"తాతయ్యా, మా నాన్న అబద్ధాలు చెబుతాడు. మారియోలో గోడలోంచి దూరిపోవచ్చంటాడు. చూడండి!"

చూశాను. మొదటి లోకం, రెండో స్టేజి. నేలమాళిగ. చివర ఒక గొట్టం, దాని మీద ఇటుకల గోడ. మారియో పదిసార్లు ఎగిరాడు, పదిసార్లు తల కొట్టుకున్నాడు. గోడ గోడలాగే ఉన్నది.

"మీరు కూడా అప్పట్లో నమ్మలేదు సార్," అని తండ్రి నవ్వాడు. నవ్వాడు గాని ఆ నవ్వు నాకు కొంచెం గుచ్చుకున్నది.

"మరి ఇప్పుడు ఏమంటావు?" అన్నాను.

"పాప ఆడుతున్నది నేను ఆడిన ఆట కాదు సార్. తిరగ చేసిన ఆట," అన్నాడు. ఆ సాయంత్రం అతను చెప్పినదీ, తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

ఈ ఆట పేరు సూపర్ మారియో బ్రదర్స్. 1985లో జపానులో నింటెండో అనే కంపెనీ తయారుచేసింది. షిగెరు మియమోటో, తకాషి తెజుకా అనే ఇద్దరు దీని కల్పనలో ముఖ్యులు. ఆట మొత్తం, అంటే ఎనిమిది లోకాలూ, తాబేళ్లూ, పుట్టగొడుగులూ, పాటలూ అన్నీ కలిపి 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఇవాళ ఫోనుతో తీసే ఒక్క ఫొటోకు పట్టే చోట్లో ఇటువంటి ఆటలు ఏ డెబ్బై ఎనభయ్యో పెట్టవచ్చు. అందుకని వాళ్లు పిసినారుల్లాగా వాడుకున్నారు. ఆటలో ఆకాశంలో తెల్ల మేఘం, నేల మీద పచ్చ పొద ఉంటాయి చూశారా? రెండూ ఒకే బొమ్మ! రంగు మాత్రం మార్చారు.

ఇక మైనస్ లోకం సంగతి. ఆ గోడ అవతల ఒక రహస్యపు గది ఉన్నది. అందులో మూడు గొట్టాలు. అవి వరసగా 4, 3, 2 లోకాలకు తీసుకుపోతాయి. మామూలుగా ఆ గదికి పై నుంచి పోవాలి. ఇటువంటి గది నాలుగో లోకంలో కూడా ఒకటి ఉన్నది. కాని అందులో నడిమి గొట్టం ఒక్కటే, అది 5వ లోకానికి పోతుంది. ఆట రాసినవాళ్లు ఏ గదికైనా మూడు గొట్టాల నంబర్లు ఒక వరసలో రాసిపెట్టారు. ఒకే గొట్టం ఉన్న గదికి ఏం రాయాలి? నడుమ 5 వేసి, అటూ ఇటూ "ఖాళీ" అని రాశారు.

ఖాళీ అని యంత్రానికి ఎలా చెబుతారు? దానికి అక్షరాలు రావు, నంబర్లే వస్తాయి. 0 నుంచి 9 దాకా అంకెలకు అవే నంబర్లు. ఏ నుంచి జెడ్ దాకా ఉన్న ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలకు 10 నుంచి 35 దాకా. ఆ తరవాతిది, 36, ఖాళీ జాగా. కాబట్టి ఖాళీ అంటే 36.

ఇప్పుడు మన కుర్రవాడు చేసినది చూడండి. గొట్టం మీద నిలబడి, వంగి, వెనక్కు ఎగిరి, సరిగ్గా ఇటుక అంచున తగిలితే మారియో గోడలో ఇరుక్కుంటాడు. యంత్రం అతన్ని బయటికి తోసే ప్రయత్నంలో గోడలోంచి అవతలికి జార్చేస్తుంది. అప్పటికి ఆట ఇంకా "ఇది మూడు గొట్టాల గది" అని గుర్తు మార్చుకోలేదు. దాని దగ్గర ఉన్నది ఒంటి గొట్టం గది వరస: ఖాళీ, 5, ఖాళీ. ఆ క్షణంలో పక్క గొట్టంలోకి దిగితే అది మారియోను 36వ లోకానికి పంపుతుంది! తెర మీద లోకం నంబరు, ఒక అడ్డగీత, స్టేజి నంబరు వేస్తారు. 36కు బొమ్మ ఖాళీ జాగా కద! కనక కనిపించేది అడ్డగీత, ఒకటి. అంటే అది మైనస్ కానే కాదు. ముందున్నది కనబడని అంకె.

నేను లెక్కల మాస్టరుని. ఈ సంగతి విన్నప్పుడు చాలా సేపు మాట్లాడలేకపోయాను.

మరి ఉన్నవి ఎనిమిది లోకాలయితే 36వది ఎక్కడ ఉన్నది? ఎక్కడా లేదు. బెంచీ మీద ఎనిమిది మంది పిల్లలు కూర్చున్నారనుకోండి. "ముప్ఫై ఆరోవాడు లే!" అంటే మీరు నవ్వుతారు. యంత్రం నవ్వదు. బెంచీ అయిపోయినా లెక్కపెడుతూ పక్క గదిలోకి, వరండాలోకి, రోడ్డు మీదికి పోయి, ముప్ఫై ఆరో లెక్కకు ఎదురైనది ఎద్దయినా సరే పట్టుకొస్తుంది. ఈ ఆటలో అలా చేతికి దొరికినది రెండో లోకంలోనూ ఏడో లోకంలోనూ ఉన్న నీటి స్టేజి. దాని చివర గొట్టంలోకి దిగితే మళ్లీ అదే స్టేజి మొదటికి వస్తుంది. ఎంత ఈదినా అంతే. కుర్రవాడు ఒక్క అక్షరం కూడా కల్పించలేదు.

ఇందులో ఇంకొక చిత్రం ఉన్నది. 1986లో జపానులో ఇదే ఆటను కేసెట్టుగా గాక, చిన్న డిస్కు మీద కూడా అమ్మారు. డిస్కులో లెక్కలు పేర్చిన తీరు వేరు. కనక అక్కడ ముప్ఫై ఆరో లెక్కకు వేరే వస్తువు దొరికింది. డిస్కు వాళ్ల మైనస్ లోకంలో మూడు స్టేజీలు ఉన్నాయి, వాటిని దాటి బయటపడవచ్చు. అమెరికాలో ఒకడూ, జపానులో ఒకడూ కూర్చుని ఉత్తరాలు రాసుకుంటే, "దానికి అంతం లేదు" అని ఒకడు, "ఉన్నది" అని ఒకడు పోట్లాడుకుని ఉండేవారు. ఇద్దరిదీ నిజమే!

1993లో నింటెండో వాళ్లు కొత్త యంత్రం కోసం పాత మారియో ఆటలు కొన్నిటిని తిరగ చేసి, ఒకే కేసెట్టులో పెట్టి, సూపర్ మారియో ఆల్‌స్టార్స్ అని పేరు పెట్టారు. బొమ్మలు కొత్తగా గీశారు. వెనక కొండలూ మబ్బులూ అందంగా వేశారు. గోడలోని ఆ సందు కూడా పూడ్చారు. మా పాప ఆడుతున్నది ఇదే. అయితే ఆ తిరగ చెయ్యటంలో కొత్త పొరపాటు ఒకటి వచ్చిపడింది. పాత ఆటలో మారియో తలతో ఇటుక పగలగొడితే, దెబ్బకు కిందికి వస్తాడు. కొత్తదానిలో ఇటుక పగిలాక కూడా ఇంకొంచెం పైకే పోతాడు! పాత ఆటకు చెయ్యి అలవాటయినవాళ్లు దీన్ని వెంటనే కనిపెట్టేస్తారు.

ఇంతవరకు వచ్చేసరికి కరెంటు పోయింది. దసరా రోజుల్లో గాలీ వానా వస్తే మా వైపు ఇది మామూలే. పాప యంత్రంలో చార్జింగు కూడా అంతకు ముందే అయిపోయింది. మా ఇంటావిడ దీపం తెచ్చి పెట్టింది.

"ఈ కరెంటు వల్ల కూడా ఆటలు మారాయి సార్," అన్నాడతను. మన కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. అమెరికాలో అరవై సార్లు. పాతకాలపు టీవీలను దానికి తగినట్టే చేశారు. అమెరికా, జపాను టీవీ తెర సెకనుకు అరవై సార్లు గీస్తే, యూరపులోనూ మన దేశంలోనూ యాభై సార్లు గీసేది. ఆట యంత్రాలు తెర గీసినప్పుడల్లా ఒక అడుగు వేస్తాయి. కనక అరవైకి చేసిన ఆటను యాభై తెర మీద అలాగే ఆడిస్తే, గంట ఆట గంటా పన్నెండు నిమిషాలు పడుతుంది. పాట కూడా సాగదీసినట్టు వినిపిస్తుంది. కొన్ని ఆటలకు లెక్కలు సవరించి యూరపుకు పంపారు. చాలా ఆటలకు ఆ శ్రమ పడలేదు. అక్కడి పిల్లలు ఆట ఇంతే కాబోలు అనుకుని ఆడారు.

చీకట్లో ఊరికే కూర్చోవటం ఎందుకని మా ఇంటావిడ వైకుంఠపాళి పటం, గవ్వలు బయటికి తీసింది. పాప పటం చూసి, "ఇది స్నేక్స్ అండ్ లాడర్స్ కద! పాములకు పేర్లేమిటి?" అన్నది. మా పటంలో పాములకు రాక్షసుల పేర్లున్నాయి. నిచ్చెనలకు మంచి గుణాల పేర్లు. పై వరసలో వైకుంఠం. నిచ్చెనల కంటే పాములే ఎక్కువ.

పిల్లలూ, ఇది కూడా తిరగ చేసిన ఆటే. మన దేశపు ఆట సముద్రం దాటిపోయి, 1890ల నాటికి ఇంగ్లండులో అచ్చయి అమ్ముడుపోయింది. ముందు వాళ్లూ నిచ్చెనలకు పొదుపు, శ్రమ, పశ్చాత్తాపం అనీ, పాములకు సోమరితనం, అవిధేయత అనీ పేర్లు పెట్టారు. రాక్షసులు పోయారు. పాములూ నిచ్చెనలూ సమానమైనాయి. పోను పోను ఆ పేర్లు కూడా పోయి వట్టి నంబర్లు మిగిలాయి. 1943లో అమెరికాలో ఒక కంపెనీ పాములనే తీసేసి జారుడుబల్లలు పెట్టింది! మన పాప ఫోనులో ఆడే ఆట ఇంగ్లండు చుట్టి తిరిగి మన ఇంటికి వచ్చినది. నాకయితే పేర్లున్న పటమే ఇష్టం. కింద పడినప్పుడు కనీసం ఎవడు మింగాడో తెలుస్తుంది.

గవ్వలు వేస్తూనే అతను రెండో మారియో ఆట కథ చెప్పాడు. ఇది ఇంకా తమాషాగా ఉంటుంది.

1986లో జపానులో మారియో రెండో ఆట వచ్చింది. అది మహా కష్టం. అందులో తింటే చచ్చిపోయే పుట్టగొడుగులు ఉన్నాయి. గెంతుతూ ఉండగా గాలి వచ్చి తోసేస్తుంది. అమెరికాలో నింటెండో కంపెనీ తరఫున ఆటలు ఆడి చూసే హోవర్డ్ ఫిలిప్స్ అనే ఆయన దీన్ని ఆడి, ఇది సరదాగా లేదు, శిక్షలాగా ఉన్నదని తేల్చాడు. అమెరికా పిల్లలకు అది పోలేదు. మరి రెండో మారియో ఏదీ? జపానులోనే 1987లో వచ్చిన డోకి డోకి పానిక్ అనే వేరే ఆట ఒకటి ఉన్నది. ఒక కథల పుస్తకంలోకి పిల్లలను లాగేస్తారు, వాళ్లను విడిపించటానికి ఒక కుటుంబంలోని నలుగురు బయలుదేరుతారు. ఆ నలుగురినీ తీసేసి వాళ్ల స్థానంలో మారియో, అతని తమ్ముడు లుయీజి, టోడ్, రాకుమారి, ఈ నలుగురినీ నిలబెట్టారు. పుస్తకం తీసి కల పెట్టారు. మాయదీపం తీసి మందు సీసా పెట్టారు. పాత ఆటలో పరిగెత్తటం లేదు, కొత్తదానిలో పెట్టారు. పాతదానిలో ఆట నిజంగా ముగియాలంటే నలుగురితోనూ ఆడి గెలవాలి. అమెరికాకు ఒక్కసారి గెలిస్తే చాలునన్నారు. 1988లో ఇదే "రెండో మారియో" అని అమెరికా పిల్లలకు అందింది. అది చాలా బాగా అమ్ముడుపోయింది కూడా.

తరవాత? 1992లో అది సూపర్ మారియో యూఎస్ఏ అనే పేరుతో జపానుకు తిరిగి వచ్చింది, మన వైకుంఠపాళి వచ్చినట్టు! ఆ పైన 1993 నాటి ఆల్‌స్టార్స్‌లో, జపాను వాళ్ల కష్టమైన రెండో ఆటను లాస్ట్ లెవెల్స్, అంటే పోయిన స్టేజీలు, అన్న పేరుతో అమెరికా పిల్లలకు మొదటిసారి ఇచ్చారు. జపాను వాళ్లకు అవి ఎప్పుడూ పోలేదన్నది వేరే సంగతి.

మూడో మారియో ఆట జపానులో 1988లో, అమెరికాలో 1990లో వచ్చింది. అందులో ఒక చిన్న తేడా ఉన్నది. మారియో నిప్పులు వేసే శక్తితో ఉన్నప్పుడు దెబ్బ తగిలితే, జపాను ఆటలో ఒక్కసారిగా చిన్నవాడైపోతాడు. అమెరికా ఆటలో ఒక మెట్టే దిగుతాడు.

అంతకంటే నాకు నచ్చినది ఏమంటే, ఆ మూడో ఆట కేసెట్టులోని చిప్పులో ఎవరూ ఆడని స్టేజీలు కొన్ని ఉన్నాయి. తయారుచేశారు, వద్దనుకున్నారు, కాని తీసెయ్యలేదు. వాటికి పోయే దారి మాత్రం లేదు. చిప్పులోని లెక్కలను కంప్యూటరు మీద విప్పి చదివినవాళ్లకు ఇవి కనిపించాయి. మైనస్ లోకం వేరు, ఇవి వేరు. మైనస్ లోకాన్ని ఎవరూ కట్టలేదు, కనిపించింది. వీటిని కట్టారు, కనిపించలేదు.

"వద్దనుకున్నవాటిని చెరిపెయ్యవచ్చు కద నాన్నా?" అని పాప అడిగింది.

దీనికి జవాబు నేనే చెప్పాను. ఎందుకంటే ఇది హాజరుపట్టీ వ్యవహారం. ఏడాది మధ్యలో ఏడో నంబరు పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్లిపోతాడు. అతని వరసను కత్తిరించి తీసేస్తామా? తీసేస్తే ఎనిమిదోవాడు ఏడు అవుతాడు, తొమ్మిదోవాడు ఎనిమిది అవుతాడు. మార్కుల రిజిస్టర్లో, ఫీజు పుస్తకంలో, పరీక్ష కాగితాల మీద నంబర్లన్నీ తప్పుతాయి. అందుకని పేరు మీద ఒక గీత గీసి, వరస అలాగే ఉంచుతాము. చిప్పులో కూడా అంతే. "ఫలానా బొమ్మ ఫలానా నంబరు చోట ఉన్నది" అని వేల చోట్ల రాసి ఉంటుంది. ఆట విడుదలకు నాలుగు రోజులుందనగా ఒక ముక్క పీకితే ఎక్కడ ఏది కూలుతుందో తెలియదు. దారి మూసేసి ఊరుకోవటం క్షేమం. ముప్ఫై అయిదేళ్లు రిజిస్టర్లు రాసినవాణ్ణి, ఈ పని చేసినవాళ్లను నేను ఏమీ అనను.

రాత్రి తొమ్మిది దాటాక కరెంటు వచ్చింది. యంత్రానికి చార్జింగు పెట్టారు. అప్పుడు అతను పాపతో, "నీ పెట్టెలోనే పాత ఆట కూడా ఉన్నదమ్మా. 1985 నాటిది, ఏమీ మార్చకుండా ఇచ్చారు. నువ్వు బొమ్మలు బాగాలేవని దాన్ని తెరవలేదు," అన్నాడు.

తెరిచారు. అదే లోకం, అదే నేలమాళిగ, అదే గోడ. బొమ్మలు మాత్రం మోటుగా ఉన్నాయి. పాప ఎగిరింది. గోడ తగిలింది. మళ్లీ ఎగిరింది. ఆరుసార్లు, ఏడుసార్లు. తండ్రి ఏమీ చెప్పకుండా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నాకే గుండె కొట్టుకోసాగింది. ఈసారి కూడా తెరుచుకోకపోతే అతని ముఖం ఎలా చూడాలి?

ఎనిమిదోసారి మారియో వెన్ను ఇటుకలకు తగిలింది. మరుక్షణం అతను ఇటుకల మీదుగా, నీళ్లలో తేలినట్టు, మెల్లిగా కుడివైపుకు జారటం మొదలుపెట్టాడు. పాప ఊపిరి బిగబట్టింది. "మొదటి గొట్టం! తొందరగా!" అన్నాడు తండ్రి. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి. లోకం, కొంచెం ఖాళీ, ఒక గీత, ఒకటి.

"అతికిందిరా," అన్నాను. ఇంకేం అనాలో నాకు తెలియలేదు. అతను తల వంచుకుని నవ్వాడు.

పాపకు మా మాటలు వినిపించటం లేదు. చేపలను తప్పించుకుంటూ ఈదుతున్నది. చివర గొట్టంలోకి దిగింది, మొదటికి వచ్చింది. మళ్లీ ఈదింది. "నాన్నా, నిజంగానే దారి లేదా?" అని అడిగింది. లేదన్నాడు. నమ్మలేదు. మా ఇంటావిడ అన్నానికి రెండుసార్లు పిలిచింది. ఎవ్వరం కదలలేదు. మారియో అప్పటికి మూడోసారి అదే గొట్టంలోకి దిగుతున్నాడు.